షూటా, చూటా? అపార్ట్‌మెంటు చెత్త గొట్టానికి తెలుగులో ఏమనాలి?

పిట్టగోడ | శనివారం, ఉదయం 9:12

మాది హైదరాబాదులో పద్నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. ప్రతి అంతస్తులో లిఫ్టు పక్కన గోడలో చిన్న స్టీలు తలుపు ఉంటుంది. అది తెరిచి చెత్త సంచీ వదిలితే లోపలి గొట్టంలోంచి కింద సెల్లారులో ఉన్న డబ్బాలో పడుతుంది. ఇంగ్లీషులో దీని పేరు సి-హెచ్-యు-టి-ఇ.

పోయిన వారం పై అంతస్తుల్లో ఎవరో తాగేసిన కొబ్బరిబోండాం అందులో వేశారు. కింద ప్లాస్టిక్ డబ్బా నిలువునా చీలింది. సంచులు సర్దే ఆవిడ అప్పుడే మంచినీళ్ళకని పక్కకి వెళ్ళింది కాబట్టి సరిపోయింది.

తెలుగులో బోర్డు పెట్టాలన్నారు. ఆ పని నా నెత్తిన పడింది. 'చెత్త షూట్‌లో బరువైన వస్తువులు వేయరాదు' అని రాసి, ప్రింటు తీసి, అన్ని అంతస్తుల్లో అంటించాను. సాయంత్రానికల్లా ఆరో అంతస్తు కాగితం కింద ఎవరో పెన్నుతో 'కట్! వన్ మోర్!' అని రాశారు. తొమ్మిదో అంతస్తులో ఏకంగా కెమెరా బొమ్మ వేశారు.

ఇంతకీ దీన్ని షూట్ అనాలా, చూట్ అనాలా? కాల్చడం అనే షూట్‌కీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? అన్నిటికంటే ముఖ్యం, బోర్డు మీద ఏం రాయాలి?

---

తొమ్మిదోగేటు | 9:40

షూట్ అనే పలకాలి. కాల్చే షూట్‌కీ దీనికీ ఉచ్చారణలో తేడా లేదు. నీళ్ళు రయ్యిన దూసుకుపోతాయి కాబట్టి షూట్ అన్నారు, ఎవరో స్పెల్లింగు మార్చి రాశారు. అంతే కథ.

(నేను నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాను. మాకు చూట్ స్పిల్‌వే అని ఒకటి ఉంటుంది, ఆనకట్ట దగ్గర వరద నీటిని కిందికి దించే కాలువ. ఆఫీసులో అందరూ చూట్ అనే అనేవాళ్ళం. షూట్ అని పలికితే కొత్తగా వచ్చిన ఏఈ అని గుర్తుపట్టేవాళ్ళం.)

---

నిఘంటువుపురుగు | 10:25

తొమ్మిదోగేటు గారూ, ఉచ్చారణ సంగతి ఒప్పుకుంటాను. పుట్టుక మాత్రం ఒప్పుకోను.

ఇది ఫ్రెంచి మాట. ఫ్రెంచిలో దీనికి అర్థం 'పడటం', 'పాటు'. జారడం కాదు, దూసుకుపోవడమూ కాదు. పాత ఫ్రెంచిలో పడు అనే అర్థంలో 'షువార్' లాంటి క్రియ ఒకటి ఉండేది, దానికి మూలం లాటిన్ 'కాదెరె', అంటే పడు. ఇంగ్లీషులోకి ఇది ఉత్తర అమెరికా దారిన వచ్చింది. అక్కడ ఫ్రెంచివాళ్ళు జలపాతాన్నీ, నది ఒక్కసారిగా కిందికి దూకే చోటునీ ఈ మాటతోనే పిలిచేవాళ్ళు. 1725 ప్రాంతం నుంచి ఇంగ్లీషు రాతల్లో జలపాతం అనే అర్థంలో కనిపిస్తుంది. ఏటవాలు తొట్టి, గొట్టం అనే అర్థం 1800 దాటాక వచ్చింది. పశువుల్ని ఒక్కొక్కటిగా నడిపించే ఇరుకు దారి అనే అర్థం ఇంకా తర్వాతది.

అసలు తమాషా సి-హెచ్ అనే అక్షరాల్లో ఉంది. మనం రోజూ వాడే 'ఛాన్స్' కూడా అదే 'కాదెరె' సంతానం. పాచికలు ఎలా పడ్డాయి అన్నదే మొదట ఛాన్స్. ఒకే తల్లి పిల్లలు కదా, ఒకరు 'ఛా' అనీ ఇంకొకరు 'షూ' అనీ ఎందుకు పలుకుతున్నారు? వచ్చిన కాలం వేరు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వచ్చిన ఫ్రెంచి మాటల్లో సి-హెచ్‌ని 'చ' అనే పలికేవాళ్ళు. ఛాన్స్, చైర్, చీఫ్ ఆ బాపతు. తర్వాత ఫ్రాన్సులో ఆ ధ్వని 'ష'గా మారింది. ఇంగ్లీషువాళ్ళు పాత మాటల్ని పాత పలుకుతోనే ఉంచుకుని, ఆ తర్వాత వచ్చినవాటిని కొత్త పలుకుతో తీసుకున్నారు. మెషీన్, షెఫ్, బ్రోషర్, షాంపేన్, వాటితోపాటు మన చెత్త గొట్టం.

అంటే మీ ఆఫీసులో చూట్ అన్నవాళ్ళు తెలియకుండానే నార్మన్ల కాలం పలుకు పలికారన్నమాట.

---

తొమ్మిదోగేటు | 10:41

నార్మన్లు మా ఆఫీసులో పనిచేసినట్టు లేదు గానీ, ఒక్క మాట. ఇంగ్లండులో నీటి కాలువని ఎస్-హెచ్-ఓ-ఓ-టి అని రాసిన రాతలు 1725 కంటే ముందువే ఉన్నాయని ఎక్కడో చదివాను. బొగ్గు జార్చే గొట్టానికి 'కోల్ షూట్' అని అదే స్పెల్లింగుతో రాసేవాళ్ళట. మరి దానికేమంటారు?

---

నిఘంటువుపురుగు | 11:30

దొరికిపోయాను. నిజమే. నీరు విసురుగా పారే కాలువ అనే అర్థంలో ఇంగ్లీషు 'షూట్' 1600ల మొదట్లోనే ఉంది. ఇంగ్లండు నైరుతి మూలన డెవన్, కార్న్‌వాల్ యాసల్లో నీటి ధారకీ, దాన్ని తెచ్చే తొట్టికీ ఎస్-హెచ్-యు-టి-ఇ అని ఇంకో స్పెల్లింగు కూడా ఉంది. ఆ తర్వాత ఫ్రెంచి మాట వచ్చింది. పలుకు ఒకటే, పనీ దాదాపు ఒకటే. రెండు పిల్లకాలువలు కలిసి ఒకే కాలువ అయ్యాయి. నేనిందాక ఫ్రెంచి కాలువ ఒక్కటే చూపించాను.

పిట్టగోడ గారికి ఊరటనిచ్చే సంగతి ఇంకొకటి. ఇంగ్లీషులో షూట్ అంటే కాల్చడమొక్కటే కాదు, కుమ్మరించడం కూడా. బండి ఎత్తి బోర్లించి మట్టి పోస్తే దాన్నీ షూట్ చేయడం అనేవాళ్ళు. విక్టోరియా కాలపు లండన్‌లో ఖాళీ స్థలాల దగ్గర 'ఇక్కడ చెత్త షూట్ చేయవచ్చు' అనీ, 'చేయరాదు' అనీ బోర్డులు ఉండేవి. చేయవచ్చు అన్న బోర్డు గుంటలు పూడ్చుకోవాలనుకునేవాళ్ళు పెట్టుకునేది.

---

పిట్టగోడ | 11:38

అయితే నా బోర్డు నూట యాభై ఏళ్ళు ఆలస్యంగా, వేరే ఊళ్ళో పెట్టాను. అంతే తప్ప తప్పేం రాయలేదు!

---

చలికోటు | మధ్యాహ్నం 12:55

ఒట్టావా నుంచి రాస్తున్నాను. ఇక్కడ అర్ధరాత్రి దాటి చాలాసేపైంది. నిద్రపట్టక ఈ దారం చదువుతున్నాను.

మా ఇంటి నుంచి నది దాటితే ఫ్రెంచి మాట్లాడే కేబెక్ రాష్ట్రం. అక్కడ ఈ మాట మీకు కాలికీ చేతికీ తగులుతుంది. జలపాతం పేరులో ఉంటుంది. కేబెక్ నగరం పక్కన మోంమోరెన్సీ జలపాతం ఉంది, 83 మీటర్ల ఎత్తు. దాని ఫ్రెంచి పేరు మొదలయ్యేదే ఈ మాటతో. భవనాలు కట్టే చోట పసుపు బోర్డు మీద మనిషి జారిపడే బొమ్మ కింద ఇదే మాట. 'పడే ప్రమాదం ఉంది' అని. షాంపూ సీసా మీద కూడా! కెనడాలో లేబుళ్ళు రెండు భాషల్లో ఉంటాయి కదా. ఇంగ్లీషు వైపు జుట్టు రాలకుండా అని ఉంటే, ఫ్రెంచి వైపు 'యాంటీ షుట్' అని ఉంటుంది. మొదటిసారి చూసి యుద్ధ వ్యతిరేక షాంపూ ఏమో అనుకున్నాను.

ఇక మీ గొట్టం సంగతి. జలపాతం పేరు జారుడు కాలువకి ఎలా వచ్చిందో మా ఊరి నది చూస్తే కళ్ళకు కడుతుంది. ఒట్టావా నది మీద షోడియేర్ జలపాతం ఉంది. 1800లలో ఎగువ అడవుల్లో పైన్ చెట్లు కొట్టి, దుంగల్ని తెప్పలుగా కట్టి నదిలో వదిలేవాళ్ళు. జలపాతం దగ్గరికి వచ్చేసరికి తెప్ప విడిపోయేది, దుంగలు రాళ్ళకి కొట్టుకుని చీలేవి. 1829లో రగుల్స్ రైట్ అనే కలప వ్యాపారి జలపాతాన్ని తప్పించి పక్కనుంచి చెక్కలతో ఏటవాలు కాలువ కట్టించాడు. తెప్పని విప్పకుండా, మనుషులు మీద నిలబడి ఉండగానే, నీళ్ళతోపాటు కిందికి జారిపోయేది. నది పడే చోట పడకుండా జారించే ఏర్పాటు అది. 1860లో ఇంగ్లండు యువరాజు, తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయినాయన, ఇక్కడికొచ్చినప్పుడు ఆయన్ని కూడా తెప్ప మీద నిలబెట్టి అందులోంచి జార్చారు.

ఇక్కడివాళ్ళు దాన్ని ఎక్కువగా 'స్లైడ్' అనే రాశారు, అది ఒప్పుకోవాలి. కానీ పక్కనే నిజం జలపాతం, దాని పక్కన మనిషి కట్టిన చిన్న జలపాతం. ఒక మాట అక్కణ్ణుంచి ఇక్కడికి అడుగు వేయడానికి ఎంత దూరం?

---

రెండోబడి | 1:20

చలికోటు గారి షాంపూ చదివి నవ్వాపుకోలేకపోయాను. మన ఇళ్ళలో పారాషూట్ కొబ్బరినూనె సీసా ఉంటుంది కదా. ఫ్రెంచివాళ్ళకి ఆ పేరు చూపిస్తే జుట్టు రాలకుండా కాపాడే నూనె అనుకుంటారేమో!

---

నిఘంటువుపురుగు | 1:34

అనుకోవడానికి వీలుంది కూడా. పారాషూట్‌లో వెనక సగం ఈ మాటే. ముందున్న 'పారా' అంటే అడ్డుకునేది. పడటాన్ని అడ్డుకునేది పారాషూట్. 1783లో లూయీ సెబాస్తియన్ లెనోర్మాన్ అనే ఫ్రెంచాయన మోన్‌పెలియేలో గోపురం మీంచి దూకి చూపించాడు. పేరు పెట్టిందీ ఆయనే. 1797 అక్టోబరు 22న గార్నెరాఁ అనే ఇంకో ఫ్రెంచాయన పారిస్ మీద బెలూన్‌లోంచి దూకాడు. ఆయన గుడ్డకి నడినెత్తిన రంధ్రం లేదు. లోపలి గాలికి బయటికి పోయే దారి లేక, దిగినంతసేపూ గడియారం లోలకంలా ఊగిపోయాడు.

ఆ 'పారా' ఇంకెక్కడుందో చూడండి. పారాసోల్ ఎండని అడ్డుకుంటుంది. పారపెట్ ఎదురురొమ్ముకి అడ్డుగా ఉండే గోడ. ఇటాలియన్‌లో 'పెత్తో' అంటే రొమ్ము. పారపెట్ అంటే తెలుగులో ఏమిటి? పిట్టగోడ. ఈ దారం మొదలుపెట్టినావిడో ఆయనో తెలియదు గానీ, తమ పేరుతోనే ఈ కుటుంబంలో ఉన్నారు.

ఆ 'పెట్' లోంచే మన 'పిట్ట' వచ్చిందని మాత్రం ఎవరూ మొదలుపెట్టకండి. చేతులెత్తి మొక్కుతాను.

---

పిట్టగోడ | 1:41

ఆయనే. పిట్టగోడ మీద కూర్చుని మాట్లాడుకోవడం అలవాటు, అందుకే ఆ పేరు. ఇప్పుడు దిగాలనిపించడం లేదు.

---

బొగ్గుగాలి | సాయంత్రం 4:05

పాతికేళ్ళు థర్మల్ స్టేషన్‌లో కోల్ హ్యాండ్లింగ్‌లో చేశాను. మీ అందరికీ ఇది మాట. మాకు ఇది శత్రువు.

బొగ్గు ఒక బెల్టు మీద వస్తుంది. దిశ మారాలంటే ఇంకో బెల్టు మీద పడాలి. ఆ రెండు బెల్టుల మధ్య నిలబడే ఇనప పెట్టెలాంటి గొట్టమే చూట్. అవును, మేమూ చూట్ అనేవాళ్ళం. 'చూట్ జామ్' అని వాకీటాకీలో వినపడితే షిఫ్టు మొత్తానికీ టెన్షన్.

వేసవిలో పొడి బొగ్గు గొడవ చేయదు. వర్షాకాలం వచ్చిందా, తడి బొగ్గు మడ్డిలా గోడలకి పడుతుంది. ముందు మూలల్లో పేరుకుంటుంది, తర్వాత దాని మీద ఇంకొంత, చూస్తుండగానే నోరు మూసుకుపోతుంది. గోడ ఎంత వాలుగా ఉండాలన్నది అక్కడ చావుబతుకుల సమస్య. అరవై డిగ్రీల పైన ఉంటే కొంత నయం. నలభై ఐదు పెట్టారంటే వానాకాలం అంతా గడ్డపారలే. లోపల నున్నటి లైనర్ పలకలు వేస్తారు. అవి అరిగేదాకా బాగానే ఉంటుంది.

కళ్ళతో చూడక్కర్లేదు, చెవికే తెలుస్తుంది. బాగా దిగుతున్నప్పుడు లోపల ధడధడమని ఒకటే మోత. ఉన్నట్టుండి ఆ మోత మెత్తబడుతుంది, వడ్లు పోస్తున్నట్టు. అంతే, ఇంకో నిమిషంలో జామ్. నిండితే బెల్టు ఆపే స్విచ్చి ఉంటుంది గానీ, దాని మీదా బొగ్గు మడ్డే.

కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు చేసే పని ఒకటుంది. జామ్ కాగానే పెద్ద సుత్తి తీసుకుని బయట నుంచి గోడని బాదుతారు. అప్పటికి బొగ్గు రాలుతుంది. కానీ కొట్టిన చోట రేకు లోపలికి సొట్టపడుతుంది. మర్నాడు తడి బొగ్గు ఆ సొట్ట దగ్గరే ఆగుతుంది. మళ్ళీ కొడతారు, ఇంకో సొట్ట. పాత చూట్ గోడ మీద చెయ్యి పెట్టి తడిమితే ఎన్ని వానాకాలాలు చూసిందో చెప్పొచ్చు.

పిట్టగోడ గారూ, మీ గొట్టానికి కూడా ఎవరైనా సుత్తితో వైద్యం చేస్తున్నారేమో కనుక్కోండి.

---

పిట్టగోడ | 4:22

సుత్తి కాదు. మూడో అంతస్తు దగ్గర ఇరుక్కుంటే పైనుంచి బకెట్‌తో నీళ్ళు పోస్తున్నారట!

---

బొగ్గుగాలి | 4:24

ఆపించండి. తడి కంటే పెద్ద శత్రువు లేదు.

---

మండువా | రాత్రి 7:10

తెలుగులో మాట లేదన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ. మాటలకి కరువేమిటండీ, ఒకటి కాదు, ఒక్కో పనికి ఒక్కొక్కటి.

మా అమ్మమ్మగారిది పెంకుటిల్లు, మండువా లోగిలి. నాలుగు వైపుల పెంకులు లోపలికి వాలి కలిసే మూలల్లో రేకు దోనెలు ఉండేవి. వాన పడితే పెంకుల మీది నీళ్ళన్నీ దోనెలోకి చేరి, నాలుగు మూలల నుంచి నాలుగు ధారలు మండువాలోకి దూకేవి. ఆ ధార కింద గంగాళం పెట్టేవాళ్ళు. మొదటి వాన నీళ్ళు పట్టనిచ్చేవాళ్ళు కాదు, పెంకుల మీది దుమ్మంతా వస్తుందని. రెండో వాన నుంచి పప్పు ఉడకడానికి ఆ నీళ్ళే. చూరు నీళ్ళకీ దోనె నీళ్ళకీ తేడా ఉంది. చూరు నీళ్ళు పొడుగునా కారతాయి, దోనె నీళ్ళు ఒక్క చోట పడతాయి. మీరు చెప్పే ఇంగ్లీషు మాట పనిని మా దోనె చేసింది.

చెరువు నీళ్ళు వదలడానికి తూము. పొలంలో బోదె. నూనె పోయడానికి గరాటు. మోట బావి దగ్గర తోలు బానకి తొండం ఉంటుంది. ఎద్దులు దిగుతూ తాడు లాగుతుంటే బాన పైకొస్తుంది, తొండం జారి తొట్టిలోకి ధార విడుస్తుంది. బడిలో పిల్లలకి జారుడుబల్ల. ఇంగ్లీషువాడు అన్నిటినీ ఒకే మాటలో పోశాడు, మనం దేని పని చూసి దానికి పేరు పెట్టుకున్నాం. ఆ ఒక్క మాటకి ఒక్క మాట వెతికితే దొరకదు.

---

తొమ్మిదోగేటు | 7:32

మండువా గారి పోస్టు రెండుసార్లు చదివాను. తూము అన్నారు కాబట్టి ఒక్క సంగతి. తూము, స్లూయిస్ గేటు అనేవి నీటిని ఆపి, కావలసినంత వదిలేవి. మా చూట్ స్పిల్‌వే ఆపదు. ఆనకట్ట పక్కనున్న కొండవాలు మీద కాంక్రీటుతో ఏటవాలుగా పడుకోబెట్టిన కాలువ అది. వరద దాని మీంచి జారి నదిలోకి దిగుతుంది. పైన దాన్ని కట్టడం కష్టం కాదు. కష్టమంతా అడుగున. అంత వేగంతో వచ్చిన నీటిని అలాగే నదిలోకి వదిలితే అడుగు తవ్వేసి గోతులు చేస్తుంది. అందుకని కింద స్టిల్లింగ్ బేసిన్ కడతాం. నీరు అందులో తనమీద తను పొర్లి, నురగెత్తి, బలం తగ్గి బయటికి పోతుంది.

పిట్టగోడ గారి బోండాం లెక్క కూడా వేశాను. పద్నాలుగు అంతస్తులంటే సుమారు 40 మీటర్లు. మధ్యలో ఎక్కడా గోడకి రాసుకోకుండా పడితే అడుగున దాని వేగం సెకనుకి 28 మీటర్లు. గంటకి నూరు కిలోమీటర్లు! మీ సెల్లారులో స్టిల్లింగ్ బేసిన్ లేదు, ప్లాస్టిక్ డబ్బా ఉంది.

ఇక్కడే నేను ఓడిపోతున్నాను కూడా. మీ గొట్టం ఏటవాలు కాదు, నిట్టనిలువు. అందులో ఏదీ జారదు, పడుతుంది. ఫ్రెంచివాడి అర్థమే మీ అపార్ట్‌మెంటులో ఉంది. నిఘంటువుపురుగు గారికి ఒక పాయింటు.

---

రెండోబడి | 8:02

జారడానికీ పడటానికీ మధ్య ఇంకో సంగతి. మేము న్యూజెర్సీలో ఉంటాం. మా పాప పుట్టినరోజుకి ఎవరో 'చూట్స్ అండ్ లాడర్స్' బోర్డు ఇచ్చారు. అప్పుడు మా అత్తయ్య ఇక్కడే ఉన్నారు. పెట్టె విప్పి, కళ్ళజోడు పెట్టుకుని చూసి, 'నిచ్చెనలున్నాయి, పాములేవే?' అన్నారు. పాములుండాల్సిన చోట జారుడుబల్లలు!

అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ 1943లో ఈ రూపం తెచ్చింది. పిల్లలు పాములకి భయపడతారని మార్చారంటారు. ఇంగ్లండుకి ఈ ఆట మన దేశం నుంచే వెళ్ళింది, 1890లలో అక్కడ పాములతోనే అమ్మారు. మన వైకుంఠపాళి సంగతి మీకు తెలిసిందే. అన్ని గడులూ దాటి, పరమపదం ఇంకొక్క అడుగు ఉందనగా అరుకాసురుడి నోట్లో పడితే అడుగుకి వచ్చేయడం. అమెరికా బోర్డు మీద అరుకాసురుడి ఉద్యోగం 87వ గడిది. కుకీల జాడీ కోసం పైకెక్కిన పిల్లాడు జర్రున జారి 24కి వచ్చిపడతాడు.

అత్తయ్య ఆడారు గానీ మనసు పెట్టలేదు. పాము మింగితే మింగిందని చెప్పుకోవచ్చు, జారుడుబల్ల మీద జారితే ఎవరికైనా సరదాగానే ఉంటుంది కదా, అది శిక్ష ఎలా అవుతుందన్నారు. నిజమే, మా పాప 87 మీద పడాలని కోరుకునేది.

---

నిఘంటువుపురుగు | 8:30

మీ అత్తయ్యగారికి నమస్కారాలు చెప్పండి.

వైకుంఠపాళి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నాను. గవ్వలు వేస్తూ మనమేమంటాం? 'దాయం పడింది', 'ఆరు పడింది'. లాటిన్‌వాడూ పాచికలు 'పడ్డాయి' అనే అన్నాడు, ఆ పడటమే ఛాన్స్ అయింది. యాక్సిడెంట్ అంటే మీద వచ్చిపడినది. మనకి కష్టాలు 'వచ్చిపడతాయి', దారిలో తెలిసినవాళ్ళు 'ఎదురుపడతారు', పని 'నెత్తిన పడుతుంది'. మొదటి పోస్టులో పిట్టగోడ గారు వాడిన మాట ఇదే, వెనక్కి వెళ్ళి చూడండి. ఇది ఇక్కడివాళ్ళు అక్కడ నేర్చుకున్నదీ కాదు, అక్కడివాళ్ళు ఇక్కడ నేర్చుకున్నదీ కాదు. తెలుగుకీ లాటిన్‌కీ చుట్టరికమే లేదు. ఎవరికి వారికే అలా తోచింది.

సంస్కృతానికి మాత్రం చుట్టరికం ఉంది. కాదెరెకి సంస్కృతంలో దాయాది 'శద్' అనే ధాతువు. మనం ఎక్కువగా వాడే పతనం 'పత్' నుంచి వచ్చింది, అది వేరే ఇంటిది. ఆ ఇంటివాళ్ళు గ్రీకులో ఉన్నారు, పడటాన్ని 'ప్తోసిస్' అంటారు.

---

కంటిచుక్క | 8:44

ప్తోసిస్! మేము రోజూ కేస్ షీటులో రాసేదే. పైరెప్ప కిందికి వాలిపోతే టోసిస్. పతనానికి చుట్టమని ఇన్నాళ్ళూ తెలియదు. రేపు ఓపీలో ఎవరి రెప్ప చూసినా ఇదే గుర్తొస్తుంది.

---

నిఘంటువుపురుగు | 8:51

ఆ 'కేస్' కూడా కాదెరె నుంచే వచ్చిందండీ. జరిగినది, అంటే వచ్చిపడినది. (సూట్‌కేస్‌లో కేస్ వేరు. అది పెట్టె.)

---

సెంటర్‌ఫార్వర్డ్ | 9:15

బ్రెజిల్ కామెంటరీలో గోలు మీదికి బంతి కొట్టినప్పుడల్లా 'షూచి, షూచి' అని అరుస్తుంటారు. స్పెల్లింగు చూస్తే సి-హెచ్-యు-టి-ఇ! బ్రెజిల్‌వాళ్ళు కూడా పడటం అంటున్నారా?

---

నిఘంటువుపురుగు | 9:21

లేదండీ. అది ఇంగ్లీషు షూట్. ఫుట్‌బాల్‌తోపాటు పోర్చుగీసులోకి వెళ్ళింది, వాళ్ళ లిపిలో 'ష' ధ్వనికి సి-హెచ్ రాస్తారు కాబట్టి ఆ రూపం వచ్చింది. ఒకటే స్పెల్లింగు, ఫ్రాన్సులో చూస్తే పడటం, బ్రెజిల్‌లో చూస్తే తన్నడం.

---

నిర్వాహకుడు | 9:30

ఫుట్‌బాల్‌కి వేరే విభాగం ఉంది. బోర్డు మీద ఏం రాయాలో ఎవరైనా చెబితే బాగుంటుంది. అడిగినాయన పొద్దుటి నుంచీ పిట్టగోడ మీదే కూర్చున్నారు.

---

మండువా | 9:42

చెత్త దోనె అనమనను, దోనెకి అవమానం. 'చెత్త జారుడు గొట్టం'?

---

తొమ్మిదోగేటు | 9:45

జారదు అని ఇందాకే లెక్క వేసి చూపించాను కదండీ. జారుడు అని రాస్తే మెల్లగా వెళ్తుందనుకుంటారు. బోండాం వేసినాయనా అదే అనుకుని ఉంటాడు.

---

చలికోటు | 9:58

'చెత్త దింపుడు గొట్టం'?

---

మండువా | 10:01

దింపుడు అనగానే మా వైపు దింపుడు కళ్ళెం గుర్తొస్తుంది. శవాన్ని దారిలో దించే చోటు. లిఫ్టు పక్కన వద్దు.

---

కంటిచుక్క | 10:06

ఉత్త 'చెత్త గొట్టం' అంటే పోయేదానికి ఇంత చర్చ ఎందుకో.

---

పిట్టగోడ | ఆదివారం, ఉదయం 8:20

అందరికీ ధన్యవాదాలు. రాత్రి ఇదంతా చదివాక ఒక పని చేశాను, నిజానికి మొదటే చేయాల్సింది. పొద్దున్నే సెల్లారుకి వెళ్ళి, సంచులు సర్దే ఆవిణ్ణి దీన్ని మీరేమంటారమ్మా అని అడిగాను.

'చెత్త బాయి' అంది.

బాయి అంటే మా వైపు బావి. కిందనుంచి తలెత్తి చూస్తే ఎందుకో అర్థమైంది. చీకటి గుండ్రం, ఎక్కడో పైన చిన్న వెలుగు. మనం పైనుంచి అందులోకి వేస్తాం, ఆవిడ కింద బావి అడుగున నిలబడుతుంది. నేనక్కడ ఉండగానే పైన ఎక్కడో స్టీలు తలుపు టక్కుమంది. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని రెండడుగులు వెనక్కి లాగింది, మాట ఆపకుండానే. ఓ సంచీ వచ్చి దబ్బున పడింది. టక్కుకీ దబ్బుకీ మధ్య మూడు సెకన్లు కూడా లేవు. రోజుకి ఎన్నిసార్లు ఇలా వెనక్కి జరుగుతుందో అడగలేదు.

బోర్డు మీద బావి అని రాయలేను, చిన్నపిల్లలు తొంగి చూస్తారు. చివరికి ఇలా రాశాను:

'చెత్త గొట్టం. ఇందులో వేసింది నేరుగా కిందికి పడుతుంది. కింద మనిషి ఉంటుంది. కొబ్బరిబోండాలు, గాజు సీసాలు, ఇటుకలు, వేడి బూడిద వేయకండి. ఇరుక్కుంటే నీళ్ళు పోయకండి, సెక్యూరిటీకి చెప్పండి.'

---

నిఘంటువుపురుగు | 8:34

'పడుతుంది' బోర్డెక్కింది. నాకు అది చాలు.

---

తొమ్మిదోగేటు | 8:50

గంటకి నూరు కిలోమీటర్లు అని కూడా రాయాల్సింది. డబ్బాలో అడుగున పాత టైరు ఒకటి వేయించండి, స్టిల్లింగ్ బేసిన్ అనుకోండి.

---

పిట్టగోడ | 8:58

టైరు మధ్యాహ్నం తెప్పిస్తాను.

---

బొగ్గుగాలి | మంగళవారం, సాయంత్రం 6:15

బోండాలు ఆగాయా?

---

పిట్టగోడ | 6:40

బోర్డు కింద ఇంతవరకు ఎవరూ ఏమీ రాయలేదు. బోండాం మాత్రం నిన్న రాత్రి ఇంకొకటి పడింది. టైరు మీద పడి, ఎగిరి, సెక్రటరీ గారి స్కూటరు అద్దానికి తగిలింది. అత్యవసర సమావేశం పెట్టారు, ఇప్పుడు దానికే వెళ్తున్నాను.